సడలని గుండె

నాలుగు మెట్లెక్కితే బామ్మగారికి ఆయాసం. రాత్రి వెల్లకిలా పడుకుంటే ఊపిరాడదు. మూడు దిళ్లు ఎత్తు పెట్టుకొని, సగం కూర్చునే నిద్రపోతారు. సాయంత్రానికి పాదాలు వాస్తాయి. ఎకో పరీక్ష చేయిస్తే, గుండె తనలో నిండిన రక్తంలో నూటికి 60 వంతులు బయటికి నెడుతున్నదని తేలింది. 50 దాటితే మంచిదే. ఇంటిల్లిపాదీ ఊరట చెందారు. "గుండె దివ్యంగా వుంది, ఇదంతా వయసు" అనుకున్నారు.

పొరపాటంతా ఇక్కడే వున్నది. 60 వంతులు సరే, అసలు నిండిందే తక్కువైతే?

ఇంకు ఫిల్లరును చూడండి. రబ్బరు తిత్తిని నొక్కి వదిలితే, అది మళ్లీ ఉబ్బి ఇంకును పీల్చుకుంటుంది. రబ్బరు బిరుసెక్కితే నొక్కగలం గాని, ఇంకు సరిగా ఎక్కదు. గుండె సంగతీ ఇంతే. రోజుకు సుమారు లక్షసార్లు ముడుచుకుంటుంది; అన్నిసార్లూ సడలి, రక్తంతో నిండాలి. వయసు మీరటం, ఏళ్ల తరబడి అదుపులేని రక్తపోటు, మధుమేహం, స్థూలకాయం, వీటివల్ల గుండె కండరం బిరుసెక్కుతుంది. లోపలికి రావలసిన రక్తం వెనక్కు ఒత్తుతుంది. ఊపిరితిత్తులలో నీరు చేరుతుంది. దీనినే డాక్టర్లు డయాస్టాలిక్ హార్ట్ ఫెయిల్యూర్ అంటారు. హార్ట్ ఫెయిల్యూర్ రోగులలో దాదాపు సగంమంది ఈ కోవకు చెందినవారే. వారిలో వృద్ధులు, అందునా స్త్రీలు ఎక్కువ.

చాలాకాలం దీనికి నీరు తీసే మాత్రలూ, రక్తపోటు మందులే ఆధారం. 2021లో 5,988 మందిపై జరిపిన పరీక్ష ఫలితాలు వెలువడ్డాయి. మధుమేహానికని వచ్చిన ఎంపాగ్లిఫ్లోజిన్, ఆ జబ్బు లేనివారికి సైతం, ఆసుపత్రిలో చేరే అవసరాన్ని తగ్గించింది. 2022లో డాపాగ్లిఫ్లోజిన్ కూడా అటువంటి మేలే చూపింది. అయితే ఇవి డాక్టరు చూసి ఇవ్వవలసిన మందులు. సొంతంగా కొని మింగేవి కావు.

ఇంట్లో చేయగలిగిందీ వున్నది. ఊరగాయ, అప్పడం, ఊరమిరపకాయ, ఉప్పు దాగేది వీటిలోనే, వాటిని తగ్గించాలి. రోజూ ఉదయమే బరువు చూడాలి. మూడు రోజులలో రెండు కిలోలు పెరిగితే అది కండ కాదు, నీరు! వెంటనే డాక్టరుకు చెప్పాలి.

ఈసారి బామ్మగారు మెట్ల మధ్య ఆగి, "వయసు మీద పడిందిరా" అంటే, నవ్వి ఊరుకోకండి. రాత్రి ఎన్ని దిళ్లు పెట్టుకుంటున్నారో అడగండి.