శాంకవ కుప్పె

ప్రయోగశాలలో అడుగుపెట్టిన తొలి దినాలలోనే విద్యార్థి చేతికి వచ్చే పాత్ర శాంకవ కుప్పె. వాడుకలో దీనిని కోనికల్ ఫ్లాస్కు అంటాము. కొందరు ‘శంఖాకార కుప్పె’ అని వ్రాస్తారు కాని, దీనికి శంఖంతో సంబంధం లేదు. శంకుస్థాపనలోని శంకువే ఇది. అడుగు వెడల్పై, పైకి పోయినకొద్దీ సన్నబడే ఆకృతి వలన ఆ పేరు వచ్చినది.

ఈ కుప్పెను రూపొందించినవాడు జర్మన్ రసాయన శాస్త్రవేత్త ఎమిల్ ఎర్లెన్‌మేయర్ (1825-1909). 1860లో ఆయన దీనిని వివరిస్తూ వ్యాసం ప్రకటించాడు. నాఫ్తలీన్ అణు నిర్మాణాన్ని 1866లో సూచించినవాడు కూడా ఆయనే. అయినను ఆయన పేరు ఎక్కువమందికి తెలిసినది ఈ కుప్పె వలననే.

దీని ఆకృతిలో ప్రతి భాగానికీ ప్రయోజనం ఉన్నది. వెడల్పైన అడుగు బల్లమీద నిలకడనిస్తుంది. అంశమాపనంలో బ్యూరెట్ నుండి ద్రావణం చుక్కచుక్కగా పడుతుండగా పాత్రను గుండ్రంగా తిప్పవలె. బీకరును అట్లా తిప్పితే ద్రవం చింది పోవచ్చును. కుప్పె వాలుగోడలు దానిని లోపలికే మళ్లిస్తాయి. వేడిచేసినప్పుడు ఆవిరి కొంత గోడలకు తగిలి, చల్లబడి, తిరిగి క్రిందికి జారుతుంది. గోడపైని అంకెలు మాత్రం ఉజ్జాయింపువే. ఖచ్చితమైన కొలతకు పిపెట్‌నే వాడవలె.

ఇక విద్యార్థులు తరచుగా పొరబడే విషయం ఒకటి ఉన్నది. బ్యూరెట్‌ను, పిపెట్‌ను అందులో నింపబోయే ద్రావణంతో కడుగుతాము. ఆ అలవాటున కుప్పెను కూడా అట్లే కడుగుతారు. పిపెట్‌తో 20 మి.లీ. క్షారద్రావణం కొలిచి కుప్పెలో పోశామనుకొందాము. గోడలకు అదే ద్రావణం ముందే అర మిల్లీలీటరు అంటి ఉంటే, కుప్పెలో ఉన్నది 20.5 మి.లీ. ఆ మేరకు ఆమ్లం ఎక్కువ ఖర్చవుతుంది. ఫలితంలో రెండున్నర శాతం దోషం వస్తుంది. ప్రతిసారీ అట్లే కడిగితే మూడు పాఠ్యాంకాలూ ఒకే విధంగా తప్పుతాయి. అవి ఒకదానితో ఒకటి సరిపోవడం చూచి మనం నిశ్చింతగా ఉంటాము! స్వేదనజలంతో కడిగితే ఈ బాధ లేదు. మిగిలిన నీరు ద్రావణాన్ని పలుచన చేస్తుందే కాని, అందులోని క్షారం మొత్తాన్ని మార్చదు.

కుప్పెలో పోసినది అమానతు సొమ్ము వంటిది, తగ్గరాదు, పెరగరాదు. తగ్గకుండా చూచే పనిని ఎర్లెన్‌మేయర్ కుప్పె ఆకృతికి అప్పగించాడు. పెరగకుండా చూచే బాధ్యత దానిని చేతబట్టిన విద్యార్థిది.