నిప్పురవ్వకు ముహూర్తం పెట్టిన డిస్ట్రిబ్యూటర్

జహీరాబాద్‌లో బండ్ల మాటెత్తితే ముందు ఫ్యాక్టరీయే గుర్తొస్తుంది. 1980లలో హైదరాబాద్ ఆల్విన్ వాళ్లు జపాన్ నిస్సాన్‌తో కలిసి క్యాబ్‌స్టార్ బండ్లు ఇక్కడే తయారుచేశారు. తర్వాత ఆ ప్లాంటు మహీంద్రా చేతికి వెళ్లింది. క్యాబ్‌స్టార్ డీజిల్ బండి. డీజిల్ ఇంజన్‌కు నిప్పురవ్వతో పనిలేదు. గాలిని బలంగా నొక్కితే పుట్టే వేడికే ఇంధనం అంటుకుంటుంది. నిప్పురవ్వ మీద నడిచినవి ఊరి మీదుగా బొంబాయి రోడ్డులో సాగిపోయిన పెట్రోలు అంబాసిడర్లు.

అంబాసిడర్‌ను బరువైన ట్యాక్సీగానే చూశాం గానీ, దాని ఇంజన్‌ది స్పోర్ట్స్ కారు వంశం. 1955లో ఇంగ్లండ్‌లోని అబింగ్డన్‌లో మొదలైన ఎంజీఏ కారులో ఉన్నదీ, మన అంబాసిడర్‌లో దశాబ్దాలపాటు ఉన్నదీ 1489 సీసీ బీఎంసీ బి-సిరీస్ ఇంజనే. ఎంజీఏకి రెండు కార్బ్యురేటర్లు, మనదానికి ఒకటి. రవ్వ పుట్టించే పద్ధతి మాత్రం రెండింటిలోనూ ఒక్కటే. అందుకే అంబాసిడర్ టైమింగ్ సెట్ చేసిన మెకానిక్‌కు ఎంజీఏ ఇచ్చినా చెయ్యి తడబడదు.

ఆ పద్ధతికి మూలపురుషుడు అమెరికాలో డేటన్ ఊరికి చెందిన చార్లెస్ కెటరింగ్. ఆయన డెల్కో కంపెనీ తయారుచేసిన ఇగ్నిషన్ 1910 మోడల్ కాడిలాక్ కార్లలోకి వచ్చింది. బ్యాటరీ కరెంటు కాయిల్ గుండా పారుతుంటుంది. డిస్ట్రిబ్యూటర్‌లో స్విచ్‌లా పనిచేసే పాయింట్లు విడిపోయిన క్షణంలో ఆ కరెంటు తెగి, కాయిల్ రెండో చుట్టలో వేల వోల్టులు లేస్తాయి. తిరిగే రోటర్ దాన్ని వంతు వచ్చిన ప్లగ్గుకు అందిస్తుంది. మన ఇంజన్‌లో ఆ వంతు 1-3-4-2. క్రాంక్‌షాఫ్ట్ నిమిషానికి 3000 చుట్లు తిరిగితే సెకనుకు 100 రవ్వలు. కొన్ని చిన్న ఇనుప ముక్కలు ఇంత పని చేశాయంటే నాకు ఇప్పటికీ అబ్బురమే.

అసలు చిక్కు రవ్వ పుట్టించడంలో లేదు, ఎప్పుడు పుట్టించాలన్నదాంట్లో ఉంది. పెట్రోలు ఆవిరి మొత్తం కాలడానికి సుమారు 2 మిల్లీసెకన్లు పడుతుందనుకుందాం. 800 చుట్ల ఐడిలింగ్‌లో ఆ వ్యవధిలో క్రాంక్ 10 డిగ్రీలైనా తిరగదు. 3000 చుట్ల దగ్గర 36 డిగ్రీలు తిరిగేస్తుంది. కాబట్టి వేగం పెరిగేకొద్దీ రవ్వ ముందుకు జరగాలి. పాతకాలపు ఫోర్డ్ మోడల్ టీలో డ్రైవరే స్టీరింగ్ కింది లివర్‌తో ఆ పని చేసుకునేవాడు. తర్వాత డిస్ట్రిబ్యూటర్ అడుగున రెండు బరువులు, రెండు స్ప్రింగులు చేరాయి. స్పీడు పెరిగితే బరువులు విచ్చుకుని, పాయింట్లను విడదీసే క్యామ్‌ను ముందుకు తిప్పుతాయి. పక్కనున్న డయాఫ్రమ్ ఇంజన్ పీల్చే వాక్యూమ్‌ను బట్టి ఇంకొంచెం సర్దుతుంది. కంప్యూటర్ లేని రోజుల్లో ఇదే కారుకు లెక్కల గుమాస్తా.

సెట్టింగ్‌లో మొదటి పని పాయింట్ గ్యాప్. లూకాస్ డిస్ట్రిబ్యూటర్‌కు అది అంగుళంలో వెయ్యింట 14 నుంచి 16 వంతులు. ఫీలర్ గేజ్ పెడితే బిగుసుకోకుండా కాస్త రాసుకుంటూ కదలాలి. గ్యాప్ మార్చితే టైమింగ్ కూడా మారుతుంది కనుక ఈ వరుస తప్పకూడదు. తర్వాత ప్లగ్గులు తీసి, ఒకటో సిలిండర్ కంప్రెషన్ మీద ఉండగా క్రాంక్ పుల్లీ మీది గాటును టైమింగ్ కవర్ ములుకు దగ్గరికి తేవాలి. డిస్ట్రిబ్యూటర్ సన్న వైరుకూ ఎర్త్‌కూ మధ్య 12 వోల్టుల బల్బు తగిలించి స్విచ్ వేయాలి. క్లాంపు వదులు చేసి బాడీని ముందు రోటర్ తిరిగే వైపు తిప్పితే పాయింట్లు కలిసి బల్బు ఆరుతుంది. ఇప్పుడు ఎదురు దిశలో మెల్లగా, చాలా మెల్లగా తిప్పాలి. బల్బు వెలిగిందా, పాయింట్లు విడిపోయినట్టే. అక్కడే బిగించాలి.

పరీక్ష ఇంతటితో అయిపోలేదు. వాక్యూమ్ పైపు తీసి, టైమింగ్ లైటు వేసి రేస్ చేస్తే గాటు సాఫీగా ముందుకు జరగాలి. ఎగిరెగిరి పడితే స్ప్రింగులు నీరసించాయి, లేదా షాఫ్ట్ బుష్ అరిగింది. తీసిన పైపును నోటితో పీల్చి నాలుకతో మూస్తే పట్టు నిలవాలి. నిలవకపోతే డయాఫ్రమ్ చిరిగినట్టే. మైలేజీ పడిపోవడానికి ఇదొక పెద్ద కారణం, చాలామంది ఇటువైపు చూడనే చూడరు.

ఆఖరి మాట మాత్రం రోడ్డుదే. ఇంజన్ బాగా వేడెక్కాక, టాప్ గేర్‌లో ఎత్తు ఎక్కుతూ యాక్సిలరేటర్ తొక్కాలి. కటకటమని నాకింగ్ వస్తే రవ్వ తొందరపడుతోంది. పికప్ లేక ఇంజన్ ఊరకే వేడెక్కుతుంటే ఆలస్యమవుతోంది. నా ఉద్దేశంలో మాన్యువల్‌లోని డిగ్రీ ఆరంభం మాత్రమే. అది ఆనాటి పెట్రోలుకు రాసిన అంకె. ఇవాళ బంకులో పోస్తున్న పెట్రోలులో 20 శాతం ఇథనాల్ ఉంది, ఆక్టేన్ వేరు. కనుక పాత కారు కొన్నవాళ్లు పుస్తకం చూసి సెట్ చేయించి ఊరుకోకుండా, మెకానిక్‌ను పక్కన కూర్చోబెట్టుకుని ఎండవేళ ఒక ఎత్తు ఎక్కించి, అవసరమైతే క్లాంపు మళ్లీ వదులు చేయించాలి.