పెరటికీ ఒక డిజైన్ డాక్యుమెంట్

జర్మనీలో ఇల్లు కట్టించుకున్న మనవాళ్ళకి, ఇంటిపని ముగిసేసరికి డబ్బూ ఓపికా రెండూ అయిపోతాయి. వెనక మట్టిదిబ్బ మాత్రం మిగులుతుంది. "మొక్కలే కదా, మనమే నాటుకుందాం" అనిపించడం సహజం. కానీ తోటంటే మొక్కలొక్కటే కాదు. నేల వాలు, వాననీరు పోయే దారి, టెర్రస్ కింద పునాది, పక్కింటి సరిహద్దు, ఇవన్నీ కలిస్తేనే తోట. మన భాషలో చెప్పాలంటే ఇవి ఆర్కిటెక్చర్ నిర్ణయాలు. తరవాత మార్చాలంటే మొత్తం తవ్వుకోవాల్సిందే.

మరి ఎవర్ని పిలవాలి? ఇక్కడ 'లాండ్‌షాఫ్ట్స్‌ఆర్కిటెక్ట్' అన్న పేరు చట్టరక్షణ ఉన్న పేరు. తగిన చదువు, అనుభవం ఉండి, ఆ రాష్ట్రపు ఆర్కిటెక్టుల సంఘంలో నమోదైనవాళ్ళే దాన్ని పెట్టుకోవాలి. 'గార్టెన్‌ప్లానర్' అన్న పేరుకి అలాంటి కట్టుబాటు లేదు, ఎవరైనా పెట్టుకోవచ్చు. అందులోనూ మంచివాళ్ళున్నారు, కానీ పాత పనులు చూసి ఎంచుకోవడం మన బాధ్యత. ఇక మూడోవాళ్ళు 'గాలాబావ్' సంస్థలు, అంటే తవ్వి, రాళ్ళు పరిచి, మొక్కలు నాటేవాళ్ళు. వీళ్ళలో కొందరు ప్లాను ఉచితంగా గీసిస్తామంటారు. ఆ ఖర్చు ఎక్కడికీ పోదు, పనిరేట్లలో కలిసిపోతుంది. పైగా ఆ ప్లాను పట్టుకెళ్ళి ఇంకో సంస్థని రేటు అడగడం కుదరకపోవచ్చు. డిజైను ఒకరితో, పని మరొకరితో చేయించుకుంటే ఈ చిక్కు ఉండదు.

డిజైనరు పని ఎలా సాగుతుందో తెలుసుకోవాలంటే 1977 నుంచి అమల్లో ఉన్న 'హోఆయ్' అనే ఫీజుల నిబంధనలు చూడాలి. ఇది పనిని తొమ్మిది దశలుగా విడగొట్టి, ఒక్కోదానికి ఫీజులో ఇంత శాతం అని చెబుతుంది. బయటి స్థలాలకి ఆ లెక్క ఇది: అవసరాల సేకరణ 3, ముందస్తు ప్లాను 10, డిజైను 16, అనుమతులు 4, నిర్మాణ వివరాల డ్రాయింగులు 25, పనుల జాబితా తయారీ 7, కాంట్రాక్టరు ఎంపిక 3, పని పర్యవేక్షణ 30, చివరి తనిఖీ 2. మన వాటర్‌ఫాల్ మోడల్‌కి దగ్గర చుట్టమే! తొమ్మిదీ కొనాలని లేదు. పని మీరే చూసుకోగలిగితే ఆరో దశ దాకా తీసుకుని ఆగవచ్చు. ఆ ఆరో దశ మాత్రం వదులుకోకండి. ఎన్ని చదరపు మీటర్ల రాయి, ఎన్ని ఘనపు మీటర్ల మట్టి అన్న జాబితా చేతిలో ఉంటేనే మూడు కొటేషన్లు పక్కపక్కన పెట్టి పోల్చగలం. లేకపోతే ఒక్కొక్కరు ఒక్కో తోటకి రేటు చెబుతారు.

ఐరోపా న్యాయస్థానం 2019లో ఇచ్చిన తీర్పు తరవాత, 2021 నుంచి హోఆయ్ రేట్లు తప్పనిసరి కావు. అంటే బేరం ఆడవచ్చన్నమాట. అసలు ఆ పట్టిక మొదలయ్యేదే 20,000 యూరోల పని నుంచి. అంతకన్నా చిన్న తోటకి గంటల లెక్కనో, మొత్తంగా ఇంత అనో మాట్లాడుకుని, ఆ మాటని కనీసం ఈమెయిల్లోనైనా రాయించుకోండి.

మొదటి సమావేశానికి వెళ్ళే ముందు మీ రిక్వైర్‌మెంట్స్ రాసుకోండి. పిల్లలు ఆడుకునే చోటు, వేసవిలో గోంగూర వేసే మడి, చలికాలం ఇంట్లోకి తెచ్చుకోవాల్సిన కరివేపాకు కుండీ, వారానికి తోటకోసం మీరు నిజంగా ఇవ్వగల గంటలు. ఈ చివరిది నిజాయితీగా రాస్తే సగం డిజైను తేలిపోతుంది.

స్థానిక నిబంధనలు కూడా డిజైనర్ని అడగండి. బవేరియాలో రెండు మీటర్లు దాటి పెరిగే చెట్టుని సరిహద్దుకి రెండు మీటర్లు ఎడంగా నాటాలి. బాడెన్-వుర్టెంబర్గ్‌లో 2020 నుంచి ఇంటి తోటని కంకరతో నింపేయడం నిషేధం. చాలా ఊళ్ళలో నీరు ఇంకని నేల ఎంత ఎక్కువుంటే వాననీటి రుసుము అంత ఎక్కువ.

చివరగా పన్ను మాట. కాపురముంటున్న ఇంట్లో తోటపని చేయిస్తే, కూలి ఖర్చులో 20 శాతం, ఏడాదికి 1,200 యూరోల దాకా ఆదాయపు పన్నులోంచి తగ్గుతుంది. దానికి బిల్లు ఉండాలి, డబ్బు బ్యాంకు ద్వారా కట్టాలి. నగదు ఇస్తే రాదు. కొత్త ఇంటి నిర్మాణంలో భాగమైన పనికీ, డిజైనరు ఫీజుకీ ఇది వర్తించదు. అందుకే బిల్లులో కూలి, సామాను విడివిడిగా రాయమని పని మొదలవకముందే చెప్పండి.

స్పెసిఫికేషన్ లేకుండా ప్రాజెక్టు మొదలుపెడితే ఏమవుతుందో మన వృత్తిలో వేరే చెప్పక్కర్లేదు. కోడైతే రాత్రికి రాత్రి వెనక్కి తీసుకోవచ్చు, కాంక్రీటుకి ఆ సదుపాయం లేదు.