ఊరి గొంతుకి... నెట్టే మైకు!

ఒకప్పుడు ఊళ్లో నలుగురికీ ఓ కబురు తెలియాలంటే డప్పు మోగాలి. రచ్చబండ దగ్గర జనం పోగవ్వాలి. ఇప్పుడా డప్పు జేబులోకి వచ్చేసింది. ఓ ఫొటో, ఓ వీడియో, రెండు మాటలు... క్షణాల్లో ఢిల్లీదాకా వెళ్తున్నాయి. మరి, పోస్టు పెడితే పని జరిగిపోయినట్టేనా? నల్లమల నుంచి కంచ గచ్చిబౌలి దాకా మన దగ్గర జరిగిన ఉద్యమాలే దానికి జవాబు చెబుతున్నాయి.

రెండే రెండు మాటలు... 'సేవ్ నల్లమల'. 2019 సెప్టెంబరులో తెలుగువారి ఫోన్లలో ఎక్కడ చూసినా అవే కనిపించాయి. పవన్ కల్యాణ్, విజయ్ దేవరకొండ, సమంత, శేఖర్ కమ్ముల... ఇలా సినిమావాళ్లంతా ఒకరి తర్వాత ఒకరు గొంతు కలిపారు. కాలేజీ కుర్రాళ్లు ప్రొఫైల్ ఫొటోలు మార్చేశారు. ఆన్‌లైన్ విజ్ఞాపన పత్రాల మీద సంతకాలు వెల్లువెత్తాయి. అప్పటి మంత్రి కేటీఆర్ సెప్టెంబరు 13న ట్విటర్‌లోనే స్పందించి విషయాన్ని ముఖ్యమంత్రి దృష్టికి తీసుకెళ్తానన్నారు. రెండు రోజులకి ముఖ్యమంత్రి కేసీఆర్ యురేనియం తవ్వకాలకు అనుమతించేది లేదన్నారు. మర్నాడు, సెప్టెంబరు 16న తెలంగాణ శాసనసభ తవ్వకాలకు వ్యతిరేకంగా ఏకగ్రీవంగా తీర్మానం చేసింది.

దూరం నుంచి చూసినవాళ్లకి అదంతా నాలుగు రోజుల్లో జరిగిపోయిన అద్భుతంలా అనిపించింది. కానీ ఆ నాలుగు రోజుల వెనక దాదాపు నాలుగు నెలల కథ ఉంది.

అంతా ఓ కాగితంతో మొదలు

నాగర్‌కర్నూల్, నల్గొండ జిల్లాల్లో 2,611 చదరపు కిలోమీటర్ల మేర విస్తరించింది అమ్రాబాద్ పెద్దపులుల అభయారణ్యం. తేనె తీసుకుంటూ, అడవి దుంపలూ పళ్లూ ఏరుకుంటూ తరతరాలుగా అక్కడి పెంటల్లో బతుకుతున్నారు చెంచులు. ఆ అడవిలో 83 చదరపు కిలోమీటర్లలో, అంటే సుమారు ఇరవై వేల ఎకరాల్లో, యురేనియం నిల్వల్ని అన్వేషిస్తామని అణు ఖనిజ విభాగం ప్రతిపాదించింది. అందుకోసం నాలుగువేల బోర్లు వేయాలన్నది ప్రణాళిక. 2019 మే 22న జరిగిన కేంద్ర అటవీ సలహా సంఘం సమావేశం దానికి సూత్రప్రాయంగా ఆమోదం తెలిపింది.

ఇలాంటి సమావేశాల వివరాలను కేంద్ర పర్యావరణశాఖ తన 'పరివేష్' వెబ్‌సైట్‌లో పెడుతుంది. పేజీలకు పేజీలు ఉండే ఇంగ్లిషు పత్రాలవి. మామూలుగా ఎవరూ అటు తొంగిచూడరు. కానీ పర్యావరణ కార్యకర్తలు, విలేకరులు వాటిని చదువుతుంటారు. ఆ చదువుడు వల్లే, అడవిలోకి బోరుబండి రాకముందే ఊళ్లకి విషయం తెలిసింది. ఉద్యమంలో నెట్టు చేసిన మొదటి మేలు ఇదే. ట్రెండింగ్‌లు అవీ ఆ తర్వాతి మాట!

ఊళ్లు ముందు... ట్వీట్లు తర్వాత

'ఇప్పుడు వెతుకుతారు అంతే, తవ్వరు' అన్నారు అధికారులు. 'తవ్వే ఉద్దేశం లేకపోతే వెతకడం ఎందుకు?' అన్నది అమ్రాబాద్, పదర మండలాల ప్రజల ప్రశ్న. కడప జిల్లా తుమ్మలపల్లిలో యురేనియం గని మొదలయ్యాక భూగర్భజలాలు పాడయ్యాయని చుట్టుపక్కల రైతులు చేస్తున్న ఫిర్యాదులు అప్పటికే వాళ్ల చెవిన పడ్డాయి. పైగా నల్లమల నీళ్లు చేరేది కృష్ణానదికే. ఆ నీటిమీదే హైదరాబాద్ కూడా ఆధారపడింది.

దాంతో ఊళ్లు ఏకమయ్యాయి. సభలు పెట్టారు, బంద్‌లు చేశారు, రోడ్డెక్కారు. పార్టీల జెండాలు పక్కన పెట్టి సంఘాలుగా ఏర్పడ్డారు. ఆ సభల్లో జరిగిందంతా ఫోన్లలో వీడియోలుగా పట్నం చేరింది. అడవి మధ్యలో ఉండే చెంచు మహిళ 'మా అడవిని వదిలి ఎక్కడికి పోవాలె' అని అడిగే మాట హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి ఫోన్‌లో వినిపించింది. తారలు ట్వీట్ చేసేనాటికి అసలు పని సగం పూర్తయింది. ట్వీటు దానికి మైకు పెట్టింది.

ఇదే యురేనియం మీద అంతకుముందు కూడా తెలుగునాట పోరాటం జరిగింది. నల్గొండ జిల్లా లంబాపురం-పెద్దగట్టు గనుల ప్రతిపాదనపై 2003లో ప్రజాభిప్రాయ సేకరణ జరిపినప్పుడు స్థానికులు గట్టిగా వ్యతిరేకించారు. అప్పటికి ఫేస్‌బుక్ పుట్టలేదు, ట్విటర్ లేదు. కరపత్రాలు, పాదయాత్రలు, పాటలే ఆయుధాలు. ఆ గని ఇప్పటికీ తెరుచుకోలేదు. అంటే నెట్టు లేకపోతే ఉద్యమం లేదనుకోవడం పొరపాటే. ఉంటే మాత్రం... ఊరి మాట ఊరి పొలిమేర దాటడానికి ఏళ్లు పట్టనవసరం లేదు.

కంచ గచ్చిబౌలి: కెమెరాయే సాక్షి

అడవుల్లో సరే, నగరం నడిబొడ్డున? 2025లో హైదరాబాద్ అదీ చూసింది. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయాన్ని ఆనుకుని ఉన్న కంచ గచ్చిబౌలిలో 400 ఎకరాలను అభివృద్ధి చేసే పనిని ప్రభుత్వ పారిశ్రామిక మౌలిక వసతుల సంస్థ చేపట్టింది. మార్చి 30, ఉగాది రోజు. వరసగా సెలవులు. కోర్టులకీ సెలవే. సరిగ్గా అప్పుడే జేసీబీలు అడవిలోకి దిగాయి.

విద్యార్థులు అడ్డుకోబోతే పోలీసులు అదుపులోకి తీసుకున్నారు. అయితే వాళ్ల చేతుల్లో ఫోన్లున్నాయి. కూలుతున్న చెట్లు, రాత్రిపూట యంత్రాల లైట్లు, నెమళ్ల అరుపులు... అన్నీ రికార్డయ్యాయి. ఇళ్లలో కూర్చుని ఆ అరుపులు విన్నవాళ్ల మనసు కలుక్కుమంది. ఉపగ్రహ చిత్రాల్లో పచ్చదనం ముందెలా ఉంది, తర్వాతెలా ఉంది... పక్కపక్కన పెట్టి చూపించారు మరికొందరు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు తనంతట తానుగా కేసు స్వీకరించి పనులన్నీ ఆపేయమంది. అప్పటికే దాదాపు వంద ఎకరాల్లో చెట్లు నేలకూలాయి. ఆ వంద ఎకరాలను ఎలా పునరుద్ధరిస్తారో ప్రణాళిక చెప్పమని ఏప్రిల్ 16న కోర్టు ప్రభుత్వాన్ని ఆదేశించింది.

ఇక్కడా వరస అదే. ముందు అక్కడ నిలబడ్డవాళ్లున్నారు. తర్వాతే వీడియో. ఆ తర్వాతే దేశం!

ఒక్క అబద్ధం చాలు...

అదే ఉద్యమం ఇంకో పాఠం కూడా నేర్పింది. నిజమైన వీడియోలతోపాటు కృత్రిమ మేధతో తయారుచేసిన బొమ్మలూ చక్కర్లు కొట్టాయి. జేసీబీల ముందు బెదిరిపోయిన జింకలు, నెమళ్లు... చూడగానే కన్నీళ్లొచ్చేలా ఉన్నాయి. కానీ అవి ఎవరూ తీసిన ఫొటోలు కావు. చాలామంది నిజమనుకుని పంచుకున్నారు. దాంతో ప్రభుత్వానికి మాట దొరికింది. చర్చ చెట్ల మీద నుంచి నకిలీ బొమ్మల మీదికి మళ్లింది. పోలీసులు నోటీసులు ఇచ్చారు. నిజం చేతిలో ఉన్నవాళ్లు అబద్ధాన్ని ఆసరా చేసుకుంటే నష్టపోయేది ఆ నిజమే.

నెట్టులో మాట్లాడినందుకే అరెస్టు చేసే వీలు కల్పించిన ఐటీ చట్టంలోని 66ఎ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2015 మార్చి 24న కొట్టేసింది. అది మామూలు పౌరుడికి దక్కిన పెద్ద రక్షణ. అలాగని ఏది పడితే అది పెట్టొచ్చని కాదు. ప్రజల మధ్య వైషమ్యాలు రేపే పోస్టులకు వేరే సెక్షన్లు ఉన్నాయి. 'ఎవరో పంపితే నేనూ పంపా' అంటే చెల్లదు.

భాష కూడా హక్కే

నెట్టులో పెట్టిన కాగితం ఇంగ్లిషులో ఉంటే ఊళ్లో ఎవరికి అర్థమవుతుంది? 2020లో ఈ ప్రశ్న కోర్టుకెక్కింది. పరిశ్రమలకూ ప్రాజెక్టులకూ పర్యావరణ అనుమతులిచ్చే నిబంధనలను మార్చేందుకు కేంద్రం అప్పుడు ముసాయిదా విడుదల చేసి, జనం అభిప్రాయాలు అడిగింది. అది ఇంగ్లిషు, హిందీల్లోనే ఉంది. రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని భాషలన్నిటిలోకీ అనువదించాలని ఢిల్లీ హైకోర్టు జూన్ 30న ఆదేశించింది. లక్షల ఈ-మెయిళ్లు కేంద్రానికి వెళ్లాయి. ఇంట్లో కూర్చుని పంపే ఈ-మెయిల్‌కీ విలువుంటుందని అప్పుడు చాలామందికి తెలిసింది.

తిరుమలాయపాలెం నుంచి భద్రాచలం దాకా...

ఖమ్మం జిల్లాకి ఈ సంగతులు దూరపువేం కావు. 2024 సెప్టెంబరు 1న ఆకేరు పొంగి తిరుమలాయపాలెం మండలంలోని రాకాసి తండాను ముంచెత్తింది. అదేరోజు ఖమ్మంలో మున్నేటి మీది ప్రకాశ్‌నగర్ వంతెనపై తొమ్మిదిమంది చిక్కుకుపోయారు. కాపాడమంటూ వాళ్లు చేసిన వేడుకోలు ఫోన్లలో రాష్ట్రమంతా చూసింది. 'సాయం ఏదీ?' అని జనం నిలదీశారు. చివరికి వాళ్లను ఒడ్డుకి చేర్చింది ఓ జేసీబీ డ్రైవరు తెగువ. ప్రశ్నించడం ఫోనుతో అయింది, కాపాడటం మాత్రం మనిషే చేయాల్సివచ్చింది.

ఇక ఖమ్మం దాటి భద్రాచలం అడవుల వైపు వెళ్తే ఊరి చేతిలో ఇంకో బలం కూడా ఉంది. షెడ్యూల్డు ప్రాంతాల్లో ప్రాజెక్టుల కోసం భూమి సేకరించేముందు గ్రామసభనో తగిన స్థాయి పంచాయతీనో సంప్రదించాలంటుంది 1996నాటి పెసా చట్టం. అడవి మీద గ్రామసభకి హక్కులిచ్చింది 2006నాటి అటవీ హక్కుల చట్టం. ఒడిశాలోని నియమగిరి కొండల్లో బాక్సైట్ తవ్వకాలను 2013లో పన్నెండు గ్రామసభలు వద్దన్నాయి. ప్రపంచమంతా ఆ పోరాటానికి మద్దతు పలికింది నిజమే. కానీ తీర్పు చెప్పింది మాత్రం చెట్టుకింద కూర్చున్న ఆ పన్నెండు ఊళ్లే.

పోస్టు పెట్టేముందు...

మీ ఊళ్లో చెరువు కబ్జా అవుతోందా? గ్రామంలోకి క్వారీ వస్తోందా? ఫోను చేతిలోకి తీసుకునేముందు ఈ పనులు చేసి చూడండి.

కాగితం సంపాదించండి. సమాచార హక్కు చట్టం కింద గ్రామస్థాయి కార్యాలయంలో దరఖాస్తుకి రుసుము లేదు. మండల స్థాయిలో ఐదు రూపాయలు, ఆపైన పది రూపాయలు. ముప్ఫై రోజుల్లో జవాబివ్వాలి.

ప్రకటనలు చూడండి. పర్యావరణ అనుమతి కోసం ప్రజాభిప్రాయ సేకరణ జరపాలంటే కనీసం ముప్ఫై రోజుల ముందు పత్రికల్లో ప్రకటన ఇవ్వాలి. ఆ ప్రకటనను ఫొటో తీసి ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టడం కూడా ఉద్యమమే.

తేదీ, చోటు తెలిసేలా ఫొటోలు, వీడియోలు తీయండి. వాటి అసలు కాపీని చెరిపేయకండి. రేపు కోర్టులో పనికొచ్చేది అదే.

ఇతరుల ఫొటో పంచుకునేముందు అది ఎక్కడిది, ఎప్పటిదని అడగండి. తెలియకపోతే ఆగండి.

ఫిర్యాదు చేసినవాళ్ల పేర్లు, ఫోన్ నంబర్లు, ఇళ్ల ఫొటోలు గ్రూపుల్లో పెట్టకండి. వాళ్ల భద్రతకన్నా ఏ పోస్టూ ఎక్కువ కాదు.

అన్నిటికన్నా ముందు గ్రామసభలో చర్చించి, తీర్మానం రాయించండి. వెయ్యి లైకులకి అధికారి జవాబు చెప్పనక్కర్లేదు. తీర్మానం మాత్రం ఫైల్లో ఉంటుంది.

నల్లమల విషయంలోనూ శాసనసభ తీర్మానంతో అన్నీ ముగిసిపోలేదు. యురేనియం లాంటి అణు ఖనిజాలు రాజ్యాంగం ప్రకారం కేంద్రం పరిధిలోనివి. తీర్మానం అన్నది రాష్ట్రం మాట. అది నిలబడాలంటే వెనక జనం మాట ఉంటూనే ఉండాలి. ట్రెండింగ్ నాలుగు రోజుల్లో ఆగిపోతుంది. కేంద్రం వెబ్‌సైట్‌లోకి మాత్రం కొత్త ప్రతిపాదనలు వస్తూనే ఉంటాయి. ఏ ఊరికి ఆ ఊళ్లో డిగ్రీ చదివిన అమ్మాయో అబ్బాయో నెలకోసారి వాటిని తెరిచి చూసి, మన జిల్లా పేరు కనబడితే తెలుగులో నాలుగు ముక్కలు రాసి పెద్దలకి చదివి వినిపిస్తే చాలు... బోరుబండి కన్నా ముందే కబురు ఊరికి చేరుతుంది!