చెమ్మగదులలో తేమమాపకములు: వాని తప్పొప్పులు తెలిసికొనుట ఎట్లు?

గ్రామములలోని విత్తనపు గిడ్డంగులు, శీతల గిడ్డంగులు, పుట్టగొడుగుల పాకలు, పట్టుపురుగుల పెంపక గృహములు - వీనియందు ఇటీవలి కాలమున గోడకు తగిలించిన ఒక చిన్న పెట్టె కనబడుచున్నది. దాని ముఖముమీద రెండు అంకెలుండును. ఒకటి గదిలోని ఉష్ణోగ్రత, రెండవది గాలిలోని తేమ శాతము. సెన్సరు అని అందరును పిలుచు ఈ సాధనము వెల తక్కువ; వాడుట సులభము. కాని వానకాలము ప్రవేశించి గదిలో చెమ్మ నిండిన పిమ్మట, అనగా దాని అవసరము మిక్కిలిగా నున్నప్పుడే, అది తప్పు చెప్ప నారంభించును. కొన్ని దినములు 99 వద్ద కదలక నిలిచిపోవును. కొన్ని దినములు అంకెలకు బదులు గీతలు మాత్రమే చూపును. గిడ్డంగుల విషయమున పంచాయతీ సభ్యుల మాటకు విలువ యుండును గనుక, ఈ సంగతిని వారికి కొంత వివరముగా తెలుపదలచితిమి.

తప్పు అంకెవలన కలుగు నష్టము స్వల్పమైనది కాదు. గాలిలో తేమ 85 శాతమున్నను పెట్టె 65 అని చూపినచో గిడ్డంగి కాపరి నిశ్చింతగా నుండును. ఈలోగా వేరుశనగ బస్తాల నడుమ బూజు పట్టును. అందు ఒక జాతి బూజు అఫ్లటాక్సిన్ అను విషమును పుట్టించును. దానిని తిన్న మనుష్యులకును పశువులకును కాలేయము చెడును. అట్లుగాక, తేమ సరిగా నున్నను పెట్టె 99 అని చూపినచో కాపరి తలుపులు తెరచి గాలి ఆడించును. జహీరాబాదు ప్రాంతమున పండు బంగాళాదుంపవంటి పంటకు నిలువలో తేమ యుండుటే మేలు. ఆ గాలికి దుంప వడలి తూకము తగ్గును. కరెంటు ఖర్చు వేరు.

తేమను కనిపెట్టియుండుట ఎంత ముఖ్యమో చూడగోరువారు దూరము పోనక్కరలేదు. పటాన్‌చెరులో 1972లో నెలకొల్పబడిన ఇక్రిశాట్ సంస్థలో జొన్న, సజ్జ, శనగ, కంది, వేరుశనగ, చిరుధాన్యముల విత్తన నమూనాలు లక్షకు పైగా భద్రపరచబడియున్నవి. విత్తనములను ముందుగా 15 డిగ్రీల వేడిమియు, 15 శాతము తేమయు గల గదిలో ఆరబెట్టుదురు. తరచు తీసి యిచ్చువానిని 4 డిగ్రీలయందు, 20 నుండి 30 శాతము తేమయందు ఉంచుదురు. చిరకాలము దాచువానిని సున్నకు దిగువ 20 డిగ్రీల చలిలో ఉంచుదురు. ఇంతటి జాగ్రత్తకు కారణము లేకపోలేదు. విత్తనములోని తేమ ఒక శాతము తగ్గినచో దాని ఆయువు సుమారు రెట్టింపగుననియు, నిలువ గది వేడిమి 5 డిగ్రీలు తగ్గినను అట్లేయగుననియు హారింగ్టన్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు ఒక స్థూలమైన లెక్క చెప్పియున్నాడు. మన గ్రామపు గిడ్డంగికి అంతటి యంత్రసామగ్రి అక్కరలేదు గాని, చూపు అంకె నిజమైనదా కాదా యను విచారణ మాత్రము అక్కడను ఇక్కడను ఒక్కటే.

ఈ పెట్టె ఎట్లు పనిచేయును? చిల్లులుగల మూత వెనుక గోటికంటె చిన్నదైన పలక యొకటి యుండును. దానిపై మిక్కిలి పలుచని పొర గాలిలోని తేమను పీల్చుకొనును. గాలి ఆరినప్పుడు విడిచివేయును. పీల్చిన తేమనుబట్టి ఆ పొర యొక్క విద్యుత్ గుణము మారును. ఆ మార్పునే పెట్టె శాతముగా లెక్కకట్టి చూపును. జెనీవా నగరవాసియైన సోస్యూర్ అను శాస్త్రజ్ఞుడు 1783లో వర్ణించిన తేమమాపకమున ఈ పనికి మనుష్యుని తలవెండ్రుకయే చాలినది. అది తేమకు సాగును, ఆరినచో కుదించుకొనును. నేటి పొర వెండ్రుకకంటె చురుకైనది; కాని సుకుమారమైనది.

దీనికి మొదటి శత్రువు నీటిబొట్టు. 30 డిగ్రీల వేడిమియు 70 శాతము తేమయు గల గాలి, 24 డిగ్రీలకంటె చల్లనైన ఏ వస్తువును తాకినను అక్కడ నీరు చెమర్చును. చల్లని గదిలోని పెట్టెను వెలుపలికి తెచ్చినపుడు జరుగునది ఇదియే. పొరపై నీరు నిలిచినంతసేపు అంకె 99 లేక 100 వద్దనే యుండును. ఇది చెడిపోవుట కాదు, తడియుట మాత్రమే. ఆరినచో సాధారణముగా సరియగును. పెట్టెను వెలుపలికి తీయవలసివచ్చినచో గదిలోనుండగానే సంచిలో మూసి, వెలుపలి వేడిమికి వచ్చువరకు విప్పకుండుట మంచిది.

రెండవది, దినముల తరబడి నానుట. తేమ 80 శాతమునకు మించిన గదిలో విడువక యున్న పొర, ఉన్నదానికంటె కొన్ని శాతములు ఎక్కువ చూపును. పొడిగాలిలో ఉంచినచో మెల్లగా మరల దారికి వచ్చును. ఇక గీతలు మాత్రమే చూపుటకును, అంకె ఎగిరెగిరి పడుటకును పొర కారణము కాదు. తీగ చేరుచోట రాగికి పట్టిన పచ్చని చిలుమో, వదులైన ముడియో, నీరసించిన బ్యాటరీయో కారణమై యుండును. కావున ముందుగా తీగలను చూడవలెను. తీగ పెట్టెలోనికి క్రిందినుండి ప్రవేశించునట్లు అమర్చి, ప్రవేశమునకు ముందు కొంచెము వ్రేలాడవిడిచినచో, తీగవెంట జారు నీరు అచ్చటనే కారిపోవును గాని లోనికి పోదు.

పెట్టె తడియునని దానిపై ప్లాస్టిక్కు సంచి తొడుగుట పలుచోట్ల మేము చూచితిమి. ఇది సరికాదు. సంచిలో చిక్కిన గాలి తేమనే అది చూపును, గది సంగతి దానికి తెలియదు. పొయ్యిమీద కాచుటయు కూడదు. కొన్ని రకముల పలకలను విడిగా 100 డిగ్రీలకు పైగా పది గంటలు వేడిచేసి బాగుచేయు పద్ధతిని తయారీదారులు తెలుపుట నిజమే గాని, పెట్టెతోను బ్యాటరీతోను ఆ పని చేసినచో మిగులునది కరగిన ముద్దయే. మూతగల సీసాలో సిలికాజెల్ పొట్లములతో ఒక రాత్రి యుంచుట చాలును.

ఆరినపిమ్మట అది నిజము చెప్పుచున్నదో లేదో తెలిసికొనుటకు మన వంటయింటి ఉప్పుకంటె మంచి సాక్షి లేదు. చిన్న గిన్నెలో రెండు మూడు చెంచాల ఉప్పు వేసి, తడి ఇసుకవలె అగువరకు చుక్కచుక్కగా నీరు కలుపవలెను. ఉప్పు పూర్తిగా కరగిపోకూడదు. ఈ గిన్నెను, పెట్టెను ఒకదానికొకటి తగులకుండ పెద్ద గాజుసీసాలో ఉంచి మూత బిగించి, ఎండ తగులని చోట ఒక రాత్రి విడువవలెను. ఆ సీసాలోని గాలి తేమ 75 శాతమున నిలుచును. వేసవియైనను చలికాలమైనను ఇది దాదాపు మారదు. పెట్టె 72 మొదలు 78 వరకు ఏది చూపినను వాడుకొనవచ్చును. 81 చూపినచో ఆరు తీసివేసి చదువుకొనవలెను. 90 దాటినచో మరల ఆరబెట్టి చూచి, అప్పటికిని మారనిచో క్రొత్తది కొనవలెను. ఉష్ణోగ్రతకు పరీక్ష ఇంకను సులభము: నలుగగొట్టిన మంచుగడ్డలో కొంచెము నీరు పోసి, సన్నని సంచిలో చుట్టిన సెన్సరు కొనను అందుంచినచో సున్న చూపవలెను. ఇది తీగకు వ్రేలాడు కొన గల రకములకు మాత్రమే.

గదిలో ఎల్లప్పుడును ఉండదగిన మరియొక సాక్షి జంట థర్మామీటరు. ఒకదాని బల్బుకు తడి మల్లుగుడ్డ చుట్టి విసనకర్రతో కొంతసేపు విసరిన పిమ్మట రెండింటిని చదివినచో తేమ తెలియును. పొడిది 30, తడిది 25 చూపినచో తేమ సుమారు 67 శాతము. పొడిది 26, తడిది 24 చూపినచో 85 శాతము. బోరు నీటి ఉప్పులు గుడ్డపై పేరుకొనినచో ఇదియు తప్పు చెప్పును. వడకట్టిన వాననీరు గాని డిస్టిల్డు నీరు గాని వాడి, గుడ్డను తరచు మార్చవలెను. శీతల గిడ్డంగిలో మాత్రము దీనిని నమ్మరాదు. 4 డిగ్రీలవద్ద అర డిగ్రీ పొరపాటు తేమలో ఏడెనిమిది శాతముల పొరపాటగును. అక్కడ ఉప్పు సీసాయే మేలు.

కొనునప్పుడు ఒక మాట. డి.హెచ్.టి. 11 అను మిక్కిలి చౌక రకము 5 శాతము అటునిటుగా మాత్రమే చెప్పగలదు. 90 శాతమునకు పైన కొలువనే లేదు. విత్తనపు గదికి అది చాలవచ్చునేమో గాని, 80 నుండి 90 శాతము తేమ కావలసిన పుట్టగొడుగుల పాకకు పనికిరాదు. మూతను విప్పి శుభ్రము చేయుటకు, కొనను మాత్రము మార్చుటకు వీలైన రకము కొంత వెల ఎక్కువైనను లాభమే. కోళ్ల షెడ్లలోని అమ్మోనియా, పురుగుమందుల ఆవిరి, రంగుల వాసన, ఇవి పొరను శాశ్వతముగా చెరుపును. గదికి మందు కొట్టునాడు పెట్టెను ముందుగా తీసి భద్రపరచవలెను. తగిలించుటకు తడి గోడయు, తలుపు ప్రక్కయు, నీటితుంపరల క్రిందుగను పనికిరావు. బస్తాల వరుసల నడుమ, ఛాతీ ఎత్తున వ్రేలాడదీయవలెను. విద్యుద్దీపము దగ్గర ఒక్క డిగ్రీ వేడెక్కినను 80 శాతమున్న తేమను 75 అని చూపును.

పటాన్‌చెరు, పాశమైలారము, బొల్లారము ఔషధ కర్మాగారములకు పనికి పోవు యువకులు మన గ్రామములలో పలువురున్నారు. ఆ కర్మాగారములలో గదుల వేడిమిని, తేమను నియమముగా పుస్తకములో నమోదు చేయుటయు, మాపకములను గడువు ప్రకారము పరీక్షించుటయు విధిగా జరుగుచుండును. అట్టి పనిలో చేయి తిరిగిన యువకుని ఒక ఆదివారము పిలిచి, గిడ్డంగి కాపరికి ఈ పరీక్షలు చేసి చూపునట్లు సభ్యులు ఏర్పాటు చేయవచ్చును. మొదటి పరీక్ష మే నెలాఖరున, వానలకు ముందు జరుపుట మంచిది. పెట్టె వెనుక అంటించిన చీటిపై తేదిని, ఉప్పు సీసాలో చూపిన అంకెను, కలుపవలసిన లేక తీసివేయవలసిన శాతమును వ్రాయించవలెను. మరల ఆగస్టులో ఒకసారియు, వానకాలపు పంట గిడ్డంగికి చేరకమునుపు ఒకసారియు ఆ చీటిని మార్చవలెను.