బాల్కనీ సోలార్ సెట్టు: గోస్పాడులో గిట్టుబాటు ఎంత?

బాల్కనీ కమ్మీలకు ప్యానెల్ బిగించి, తీగను గోడ ప్లగ్గులో పెట్టే చిన్న సోలార్ సెట్టు జర్మనీలో బాగా చెల్లిన సరుకు. అక్కడ 2024 మే నుంచి 800 వాట్ల వరకు సులభ పద్ధతిలో అనుమతిస్తున్నారు. ఆ తరహా సెట్టును గోస్పాడు, నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతాలలో కొనదలచినవారు ముందు ఎండ లెక్క చూసుకోవలసి వున్నది.

జర్మనీలో మధ్యాహ్న సూర్యుడు ఏడాది పొడవునా దక్షిణానికి వాలి వుంటాడు కనుక నిలువు ప్యానెల్‌కూ ఎండ తగులుతుంది. గోస్పాడు సుమారు పదిహేనున్నర డిగ్రీల ఉత్తర అక్షాంశంలో వున్నది. మే ఆరంభం నుంచి ఆగస్టు రెండవ వారం వరకు ఇక్కడ సూర్యుడు ఉత్తరపు పక్కనే నడుస్తాడు. దక్షిణపు బాల్కనీలో నిట్టనిలువుగా కట్టిన ప్యానెల్‌పై అన్నాళ్ళూ నేరుగా ఎండే పడదు. ఫ్యాన్లు ఆగకుండా తిరిగే రోజులు కూడా అవే! అదే ప్యానెల్‌ను మిద్దెపై, నీడ లేనిచోట, దక్షిణానికి 15 డిగ్రీల వాలుతో పెడితే 400 వాట్లకు ఏడాది సగటున రోజుకు ఒకటిన్నర యూనిట్లు, అంటే నెలకు 45 యూనిట్లు ఆశించవచ్చు.

ఈ 45 యూనిట్ల విలువ అందరికీ ఒకటి కాదు. 2022-23 టారిఫ్ ప్రకారం గృహ వినియోగంలో 31 నుంచి 75 వరకు యూనిట్టు 3 రూపాయలు, 226 నుంచి 400 వరకు 8 రూపాయల 75 పైసలు. చిన్న బిల్లు ఇంటికి నెలకు మిగిలేది 135 రూపాయలే. పెద్ద బిల్లు ఇంటికి 390 పైచిలుకు. అదీ పగటి పూట ఆ కరెంటు ఇంట్లోనే ఖర్చయితేనే.

సరుకు ధర విషయానికొస్తే, 2025 సెప్టెంబరు 22 నుంచి సోలార్ పరికరాలపై జి.ఎస్.టి. 12 నుంచి 5 శాతానికి తగ్గింది. ఒక వంక పన్ను తగ్గగా, మరో వంక సెల్ మీది గీతలకు వాడే వెండి అదే ఏడాది అక్టోబరులో ఔన్సు 50 డాలర్లు దాటింది.

అనుమతి లేకుండా ప్లగ్గులో పెట్టేవారు నష్టపోయే వీలున్నది. కొన్ని రకాల మీటర్లు బయటికి పోయే కరెంటును కూడా వాడకంగానే లెక్కగట్టి బిల్లు పెంచుతాయి. 2024లో ఆరంభమైన పి.ఎం. సూర్యఘర్ రాయితీ, కిలోవాటుకు 30 వేల రూపాయలు, విద్యుత్ సంస్థ అనుమతితో నెట్ మీటర్ పెట్టించినవారికే. బ్యాటరీ లేని సెట్టు కరెంటు పోగానే తానూ ఆగిపోతుంది. కోతల కోసం కొంటే నిరాశే.

పెట్టినవారు సాయంత్రం యూనిట్లను చిట్టాలో రాసుకోవడం మేలు. మబ్బు లేని రోజున పదోవంతు తగ్గితే దుమ్మో, కొత్త నీడో కారణమై వుంటుంది. వరి నూర్పిళ్ళ రోజుల్లో దుమ్ము త్వరగా పేరుకుంటుంది. తెల్లవారుజామున, ప్యానెల్ చల్లగా వున్నప్పుడే మంచినీటితో కడగాలి.