గాలివానకు శ్లాబు, ఎండకు తాటాకు – మన సీమలో ఇంటికి ఏ కప్పు మేలు?

అవనిగడ్డ: చలి దేశాల వారికి ఇల్లు వెచ్చగా ఉంచుకోవటం పెద్ద సమస్య. కట్టెలా, గ్యాసా, కరెంటా, ఏది తక్కువ ఖర్చుతో ఎక్కువ సుఖమిస్తుందని వారు లెక్కలు వేసుకుంటారు. కృష్ణా డెల్టా దిగువన ఉన్న మనకు చలి నాలుగు వారాల ముచ్చట. ధనుర్మాసంలో ఓ దుప్పటి, వాకిట్లో ఓ చలిమంట ఉంటే గడిచిపోతుంది. మన లెక్క వేరు. ఉగాది మొదలు మృగశిర కార్తె దాకా ఇంట్లోకి దిగే వేడిని ఆపటం ఎలాగన్నదే ఇక్కడి ప్రశ్న. జవాబు చాలావరకు ఇంటి కప్పులోనే ఉన్నది. అయితే ఆ కప్పు తుఫానుకు కూడా నిలవాలి. చిక్కంతా అక్కడే.

ఉప్పెన నేర్పిన పాఠం

1977 నవంబరు 19 నాటి ఉప్పెనను దివిసీమలో ఎవరూ మరువలేరు. నాగాయలంక, కోడూరు, అవనిగడ్డ ప్రాంతాల్లో తాటాకు ఇళ్లు నేలమట్టమయ్యాయి. పదివేల మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. గట్టి కట్టడాల పైకి, చెట్ల పైకి ఎక్కగలిగిన వారు అనేకులు బతికి బయటపడ్డారు. ఆ తరువాత ప్రభుత్వమూ, స్వచ్ఛంద సంస్థలూ పక్కా ఇళ్లు, తుఫాను రక్షణ కేంద్రాలు కట్టించాయి. 1990 మే 9న కృష్ణా ముఖద్వారం సమీపాన మరో పెను తుఫాను తీరం దాటింది. ముందుగా జనాన్ని తరలించినందువలన ఈసారి ప్రాణనష్టం వెయ్యి లోపే ఆగింది.

కనుక శ్లాబు వద్దనేవారు ఈ సీమలో లేరు. కాని వేసవి రాత్రి శ్లాబు కింద పడుకున్న వారికి దాని బాధ తెలుసు.

ఏ కప్పు గుణం ఏమిటి?

తాటాకు కప్పు: ఆకు పొరల మధ్య గాలి నిలిచి ఉంటుంది. ఆ గాలి వేడిని తొందరగా లోపలికి పోనివ్వదు. చూరు కింద నుండి గాలి ఆడుతుంది. చల్లదనానికి దీనికి సాటి లేదు. కాని నిప్పురవ్వ పడితే ఇల్లే కాదు, వరుస మొత్తం బూడిదే. రెండు మూడేళ్లకోసారి కొత్తాకు కప్పించాలి. పెద్ద గాలికి నిలవదు.

పెంకు కప్పు: పెంకుల సందుల నుండి వేడి గాలి పైకి పోతుంది. రాత్రికి త్వరగా చల్లబడుతుంది. తాటాకు తరువాత సుఖమైనది ఇదే. తుఫాను గాలికి పెంకులు లేచిపోతాయి. కోతులు తిరిగే ఊళ్లలో వాటి బాధ అదనం.

రేకుల కప్పు: ఖర్చు తక్కువ. కాని ఎండ తగిలిన కొద్దిసేపటికే కింద సెగ మొదలవుతుంది. రాత్రి మాత్రం త్వరగానే చల్లారుతుంది. గాలికి ఊడిన రేకు కత్తిలా ఎగిరివచ్చి మనుషులను గాయపరుస్తుంది.

శ్లాబు: నాలుగైదు అంగుళాల కాంక్రీటు పగలంతా ఎండను తాగుతుంది. ఆ వేడి లోపలికి దిగటానికి కొన్ని గంటలు పడుతుంది. అందుకే మధ్యాహ్నం కంటే సాయంత్రం, రాత్రి వేళ గదిలో ఉక్క ఎక్కువ. మంచాలు డాబా మీదికి చేరటానికి కారణం ఇదే.

పడమటి గాలి తోలితే

బందరులో మధ్యాహ్నం తరువాత సముద్రపు గాలి తగులుతుంది. గుడివాడ వైపు అది ఆలస్యంగా చేరుతుంది. పడమటి వడగాలి బలంగా వీచే రోజుల్లో సముద్రపు గాలి ఒడ్డునే ఆగిపోతుంది. అటువంటి రోజులే ప్రాణాంతకం. 2015 మే నెలలో వడగాడ్పులకు ఆంధ్రప్రదేశ్‌లో వెయ్యి మందికి పైగా మరణించారు. ముసలివారికి, చంటిపిల్లలకు, బాలింతలకు రాత్రి చల్లబడని గది మంచిది కాదు. పగటి బడలిక తీరటానికి శరీరానికి రాత్రి చల్లదనం అవసరం.

కరెంటు లెక్క

మామూలు సీలింగు ఫ్యాను 75 వాట్లు తీసుకుంటుంది. పది గంటలు తిరిగితే ముప్పావు యూనిట్. కొత్తరకం బీఎల్‌డీసీ ఫ్యానుకు 30 వాట్లు చాలు. అదే పది గంటలకు యూనిట్‌లో మూడో వంతు కూడా కాదు. ఒకటిన్నర టన్ను ఏసీ రాత్రంతా నడిస్తే ఎనిమిది యూనిట్లు, అంతకు మించి కూడా కాలుతుంది. నీళ్ల కూలరు పొడి గాలిలోనే బాగా పనిచేస్తుంది. సముద్రపు తేమ ఉన్న మన గాలిలో దాని చల్లదనం తగ్గి, జిడ్డు పెరుగుతుంది. కూలరు పెట్టినవారు కిటికీ తెరిచి ఉంచటం తప్పనిసరి. ఇక కాలిన శ్లాబు కింద ఫ్యాను తిరిగితే పై వేడినే కిందికి తోస్తుంది. కనుక ముందు కప్పు సంగతి చూడాలి.

తక్కువ ఖర్చు ఉపాయాలు

అన్నింటిలో చవకైనది సున్నం. నల్లబడిన శ్లాబు ఎండను తాగేస్తే, తెల్లటిది చాలా భాగం తిప్పికొడుతుంది. నానబెట్టి వడగట్టిన సున్నంలో కాస్త జిగురు కలిపి, శుభ్రంగా కడిగిన డాబా మీద రెండు పూతలు వేయాలి. వానలకు కొట్టుకుపోతుంది కనుక ఏటా ఉగాదికి ముందు వేసుకోవాలి. కంట్లో పడకుండా జాగ్రత్త అవసరం. ఈ పద్ధతి సర్కారు దృష్టికి కూడా వచ్చింది. తెలంగాణ ప్రభుత్వం 2023లో చల్లటి కప్పుల విధానమే ప్రకటించింది.

రెండవది నీడ. డాబా మీద కొబ్బరాకు పందిరి వేస్తే శ్లాబుకు ఎండ తగలదు. పొయ్యికి, కరెంటు తీగలకు దూరంగా ఉండాలి. తుఫాను హెచ్చరిక వినగానే విప్పి దించేటట్లు కట్టుకోవాలి. వైశాఖంలో తుఫాను రాదనుకోరాదు. 1990లో వచ్చింది మే నెలలోనే. రేకుల ఇంటివారు రేకుకు జానెడు కిందుగా తాటాకు చాపలు కట్టి, రెండు వైపులా గాలి పోయే దారి వదిలితే సెగ తగ్గుతుంది. పడమటి గోడకు సొర, బీర పాదులు పాకించినా మేలే.

కొత్తగా కట్టేవారికి

దక్షిణ, తూర్పు దిక్కుల కిటికీలు పెట్టి, వాటికి ఎదురుగా గాలి పోయే దారి వదలాలి. పైరగాలి అప్పుడే ఇంట్లో ఆడుతుంది. కాంక్రీటుకు ఉప్పునీరు, సముద్రపు ఇసుక వాడరాదు. ఉప్పు తగిలిన ఊచలు తుప్పు పట్టి ఉబ్బుతాయి, పెచ్చులూడతాయి. అటువంటి శ్లాబు తుఫాను నాడు ఆదుకోదు. డబ్బు చాలలేదని మెట్లు మానుకోవటం అన్నిటికంటే పెద్ద పొరపాటు. వేసవి రాత్రి పడుకోవటానికీ ఆ మెట్లే దారి, నీళ్లు ముంచుకొచ్చిన నాడు పైకెక్కటానికీ ఆ మెట్లే దారి.